ప్రకాశం బ్యారేజీ చూసినవాళ్లకు నయాగరా ఎందుకంటున్నారు మా వారు

భవానీపురం గృహిణి:
జూన్‌లో న్యూజెర్సీ వెళ్తున్నాం, మా అమ్మాయి దగ్గరికి. అల్లుడుగారు నయాగరా చూపిస్తానంటే మా వారు మొండికేశారు. "డెబ్బై గేట్లూ ఎత్తగా చూసిన కళ్లివి. ఆరేడు గంటలు కారులో నడుం విరగ్గొట్టుకుని అక్కడికెళ్లి చూసేదేంటి?" అంటారు. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, స్కూటర్ మీద నన్ను సీతానగరం వైపు తీసుకెళ్లే మనిషి. తుంపరకి కళ్లజోడు తుడుచుకుంటూ, మొక్కజొన్న పొత్తు తింటూ గంటసేపు కదలరు. ఆయన్ని ఎలా ఒప్పించాలో చెప్పండి.

ఇంకోటి, నాకు మోకాళ్ల నొప్పులు. మా టికెట్లు తీసిన అతను అమెరికా వీసా ఉంటే కెనడా వైపు కూడా వెళ్లొచ్చన్నాడు. నిజమేనా?

బఫెలోలో బ్రాడీపేట అబ్బాయి:
అతని మాట నమ్మి రెయిన్‌బో బ్రిడ్జి ఎక్కకండి ఆంటీ. అవతల కెనడా. మన పాస్‌పోర్టుకి వాళ్ల వీసా వేరే తీసుకోవాలి. జలపాతం మొత్తం ఎదురుగా కనపడేది ఆ గట్టు నుంచే, కాదనను. కానీ ఇటువైపు గోట్ ఐలాండ్‌లో టెర్రపిన్ పాయింట్ ఉంది. రెయిలింగ్ పట్టుకుని నిలబడితే పక్కనే నీళ్లు అంచు మీద వంగుతుంటాయి. వంగే చోట సీసా పెంకులా ఆకుపచ్చగా ఉండి, కిందకి జారగానే తెల్లబడతాయి. నేను ఎన్నిసార్లు వెళ్లినా ముందు అక్కడికే వెళ్తా.

జలపాతం దగ్గరికి తీసుకెళ్లే మెయిడ్ ఆఫ్ ది మిస్ట్ పడవ దగ్గరికి లిఫ్టులో దిగొచ్చు. నీలం రంగు ప్లాస్టిక్ కోటు ఇస్తారు, అయినా తడుస్తారు. జలపాతం కింద దాకా నడిచెళ్లే కేవ్ ఆఫ్ ది విండ్స్ మాత్రం చెక్క మెట్లెక్కే వ్యవహారం, మీ మోకాళ్లకి వద్దు.

ఇరిగేషన్ రిటైర్డ్, గుంటూరు:
అమ్మా, మీ వారి మాట తీసిపారేసేది కాదు. 2024 సెప్టెంబరు వరదలో బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. నయాగరాలో 1950 నాటి ఒప్పందం ప్రకారం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పగటిపూట లక్ష క్యూసెక్కులకు తగ్గకుండా వదలాలి. రాత్రిళ్లు, చలికాలం అయితే 50 వేలు చాలు. మిగతాది పైనే మళ్లించి రెండు దేశాలూ కరెంటు తీసుకుంటాయి. ఎగువన 18 గేట్ల కంట్రోల్ డ్యామ్ కూడా ఉంది. 1969లో అయితే అమెరికా వైపు పాయకి అడ్డుకట్ట వేసి, కింద రాళ్లు పరిశీలించడానికి నెలల తరబడి నీళ్లే ఆపేశారు.

అయితే ఎత్తు మాటేమిటి? మన ఎత్తిపోతల 70 అడుగులు. అక్కడ నయాగరాలో అన్నిటికన్నా పెద్దదైన హార్స్‌షూ జలపాతం 57 మీటర్లు, అంటే 185 అడుగులకి పైమాటే. బ్యారేజీ కింద నీళ్లు దొర్లుతాయి గానీ అలా దూకవు. ఈ ముక్క చెప్పి చూడండి.

భవానీపురం గృహిణి:
చదివి వినిపించానండీ. ఎత్తు గురించి ఒక్క ముక్క చెవికెక్కలేదు. "11.43 ఎక్కడ, ఒకటి ఎక్కడ!" అని పొద్దుటినుంచి అపార్ట్‌మెంట్ అంతా చెప్పుకొస్తున్నారు. ఇందాక మాత్రం కాఫీ తాగుతూ, ఆ 18 గేట్లు దగ్గరికెళ్లి చూడనిస్తారేమో మిమ్మల్ని అడగమన్నారు.