గాడిద గుడ్డు మనదా, దొరలు వదిలి వెళ్ళిందా?

పలకాబలపం:
న్యూజెర్సీలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెబుతుంటాను. పోయిన వారం తొమ్మిదేళ్ళ పాప ఒకటడిగింది: "టీచర్, మా తాతయ్యకు కోపం వస్తే గాడిద గుడ్డు అంటారు. గాడిద గుడ్డు పెట్టదు కదా, మరి ఎందుకంటారు?" నేను నోరు తెరిచేలోపే వెనక కూర్చున్న ఒక తండ్రి, "అది తెలుగు కాదమ్మా. తెల్లదొరలు 'గాడ్ ద గుడ్' అంటుంటే మనవాళ్ళకు అలా వినిపించింది" అన్నారు. పిల్లలు పుస్తకాల్లో రాసేసుకున్నారు కూడా. ఇదే మాట నాకు వాట్సాప్‌లో కూడా వచ్చింది, కానీ మింగుడు పడలేదు. వచ్చే ఆదివారం వాళ్ళకు ఏం చెప్పాలా అని టెన్షన్‌గా ఉంది. మీరేమంటారు?

కృష్ణాతీరం:
నేను ఆ వాదన నమ్ముతానండి. ఇంగ్లీషు మాట చివర డకారం ఉంటే మనం ఎలా పలుకుతాం? రోడ్ రోడ్డయింది, బెడ్ బెడ్డయింది. గుడ్ గుడ్డవడంలో వింతేముంది? కాపలా సిపాయిలు అరిచే "హూ కమ్స్ దేర్" మన దేశంలో "హుకుందార్" కాలేదా? దొరలు దేవుడి గురించి చెబుతుంటే అర్థం కాని జనం దాన్ని వట్టి మాట కింద కొట్టిపారేసి ఉంటారు. అర్థం కూడా కుదిరింది.

నుడికారం:
కృష్ణాతీరం గారూ, రోడ్డు, బెడ్డు ఉదాహరణలు బాగున్నాయి. "గుడ్డు" వరకు మీ మాటకు అడ్డు చెప్పను. ఇబ్బంది ముందు భాగంతోనే. ఇంగ్లీషువాళ్ళు మామూలుగా అనేది "గాడ్ ఈజ్ గుడ్" అని. అందులో "ద" ఎక్కడుంది? గాడిద అనే మాట కుదరడం కోసం ఎవరో ఆ "ద"ను తెచ్చి పెట్టారు. గాడిదేమో దొరల కంటే ఎంతో ముందు నుంచీ మన మాట. తమిళంలో కళుదై, కన్నడంలో కత్తె దానికి తోబుట్టువులు.

అసలు లేని వస్తువును చెప్పి "వట్టిది" అనడం మనకు కొత్త కాదు. కుందేటి కొమ్ము, గగన కుసుమం, గొడ్రాలి బిడ్డ: మన తర్కశాస్త్రంలో వీటిని ఉదాహరణలుగా చెబుతూనే ఉంటారు. మూర్ఖుడి మనసు రంజింపజేయడం ఎంత కష్టమో చెప్పిన భర్తృహరి పద్యాన్ని ఏనుగు లక్ష్మణకవి తెలుగులో పెట్టాడు, మనం బడిలో చదువుకున్నదే. ఇసుకలో నూనె తీయవచ్చు, ఎండమావిలో నీళ్ళు తాగవచ్చు, తిరిగి కుందేటి కొమ్ము సాధించవచ్చు అంటాడు. పండితుల నోట కుందేటి కొమ్ము ఎలాంటిదో ఇంట్లో తాతయ్య నోట గాడిద గుడ్డు అలాంటిదని నా నమ్మకం. ఇంగ్లీషులోనూ ఉత్తుత్తి సంగతిని "మేర్స్ నెస్ట్" అంటారు, అంటే ఆడగుర్రం గూడు. గుర్రం గూడు కట్టదు, గాడిద గుడ్డు పెట్టదు. రెండూ ఎవరికి వాళ్ళకు తోచిన మాటలే, ఒకరి దగ్గర ఒకరు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

లంకవాసి:
మాది కోనసీమ. గుడ్డు సంగతి మీరు తేల్చండి గానీ, ఊళ్ళో బతికినవాళ్ళను అడగకుండా సామెతలకు అర్థం చెప్పేస్తున్నారని నా బాధ. "కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టు" అనే సామెతకు కూడా ఈమధ్య ఏవేవో కథలు అల్లుతున్నారు. మా తాత గేదె తోక పట్టుకుని పాయ దాటేవాడు. నేనూ చిన్నప్పుడు దాటాను. గేదె బరువైన జంతువు, నింపాదిగా ఈదుతుంది, మనిషిని లాక్కుపోతుంది. కుక్క తాను ఈదగలదు గానీ, మనిషి బరువు పడితే తన తల నీళ్ళపైన పెట్టుకోవడానికే అవస్థ పడుతుంది. పోయినవాళ్ళు వైతరణి దాటడానికి ఆవు తోక పట్టుకుంటారని గోదానం చేస్తాం కదా, అది కూడా ఈ సామెత వెనక ఉందనుకుంటాను. పట్టుకోవలసిన తోక ఒకటుంది, వీడు పట్టుకున్నది వేరొకటి.

మెతుకుసీమ:
లంకవాసి అన్న చెప్పింది నిజం. నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. ఇది సరదా విషయం కాదని చెప్పడానికే రాస్తున్నా. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అంటే చేసిన తప్పుకు అప్పటికప్పుడు తగిన శాస్తి అని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడేమో చెప్పు అంటే కాలి చెప్పు కాదట, ఏదో ఆకట, కుక్క కరిస్తే అది నూరి కట్టాలట. ఇలాంటి ఫార్వర్డు నమ్మి ఒకాయన కొడుకు కాలికి పసరు కట్టి, రెండు రోజుల తర్వాత తీసుకొచ్చాడు. అదృష్టం బాగుండి పిల్లాడికి ఏమీ కాలేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం. కరిచిన వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, అదే రోజు టీకాకు రావాలి. సామెతలో మందు వెతకొద్దని చేతులు జోడించి అడుగుతున్నా.

కృష్ణాతీరం:
నర్సమ్మ గారూ, మీ మాట శిరసావహిస్తాను. ఆ ఆకు ఫార్వర్డు మా ఇంటి గ్రూపులో కూడా ఉంది, ఇప్పుడే తీయించాను. కానీ గుడ్డు విషయంలో నుడికారం గారి వాదనలో ఒక లోటు ఉంది. కుందేటి కొమ్ముకు పద్యం చూపించారు. జంతువు గుడ్డుకు ఏదీ?

నుడికారం:
న్యాయమైన ప్రశ్న. తమిళంలో పరమార్థ గురువు కథ ఉంది, మన పరమానందయ్య శిష్యుల కథలకు దగ్గర చుట్టం. అందులో శిష్యులు గుమ్మడికాయను గుర్రపు గుడ్డు అని నమ్మి కొంటారు. దారిలో అది కిందపడి పగులుతుంది. పక్క పొదలోంచి కుందేలు పరిగెత్తితే, గుర్రప్పిల్ల పారిపోతోందని దాని వెంట పడతారు. లోకంలోని జానపద కథలకు పండితులు వేసిన వరుస సంఖ్యల్లో 1319వ కథ పేరే "గుమ్మడికాయను గాడిద గుడ్డని అమ్మడం". అంటే చాలా దేశాల్లో చెప్పుకున్న కథ ఇది.

కృష్ణాతీరం:
ఆగండి. ఆ తమిళ కథ రాసింది బెస్కీ కదా? ఇటలీ నుంచి వచ్చిన క్రైస్తవ మతబోధకుడు, 1747లో పోయాడు. ఇంగ్లీషు అనువాదంతో 1822లో లండన్‌లో అచ్చయింది కూడా. మరి గుడ్డు పడవెక్కి వచ్చిందన్న నా మాట పూర్తిగా తప్పెలా అవుతుంది?

నుడికారం:
ఇది నేను ఆలోచించని కోణం, ఒప్పుకుంటున్నాను. కథ పడవెక్కి వచ్చి ఉండవచ్చు. ఇక్కడ జనం చెప్పుకుంటున్న కథనే ఆయన రాసుకుని ఉండనూ వచ్చు. ఏదైనా వచ్చింది గుడ్డు పెట్టే జంతువు గురించిన కథ, దేవుణ్ణి పొగిడే ఇంగ్లీషు వాక్యం కాదు. నేను తప్పనేది ఆ వాక్యాన్నే.

కృష్ణాతీరం:
"గాడ్ ద గుడ్" వదిలేస్తాను. పడవను మాత్రం వదలను.

పలకాబలపం:
అందరికీ నమస్కారాలు. ఈ ఆదివారం గుమ్మడికాయ కథ చెప్పాను. కుందేలు పరిగెత్తే చోట పిల్లలు బల్లలు చరిచారు. ఆ పాప పుస్తకంలో "గాడ్ ద గుడ్" కొట్టేసి, పక్కన గుమ్మడికాయకు నాలుగు కాళ్ళు పెట్టి బొమ్మ వేసింది. ఆ తండ్రి వెనక బెంచీలో కూర్చుని విన్నారు. వెళ్ళేటప్పుడు, "మా నాయనమ్మ ఈ కథ చెప్పేదండి, మరిచిపోయాను" అన్నారు. ఆ నాయనమ్మది ఏ ఊరో అడిగి వచ్చే వారం రాస్తాను.