10.1.2 అని వెతికితే సంబంధం లేని రూట్ ఎందుకు వస్తోంది?

ప్రశ్న:
నిన్న రాత్రి మెయింటెనెన్స్ విండోలో ఒక లింక్‌కి ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు ఎంచుకోడానికి వాడే ప్రోటోకాల్) కాస్ట్ మార్చాను. మార్పుకు ముందూ తర్వాతా 10.1.2.0/24 రూట్ ఎలా ఉందో పోల్చుకుందామని సిస్కో ఐఓఎస్ రౌటర్‌లో ఇలా కొట్టాను:

షో ఐపీ రూట్ | ఇంక్లూడ్ 10.1.2

ఏ సంబంధమూ లేని 172.16.40.0/24 కూడా వచ్చింది. అది సరే, అసలు భయం వేరే. ఈ సబ్‌నెట్‌కి సమాన కాస్ట్‌తో రెండు దారులుండాలి. ఒక్క నెక్స్ట్ హాపే (ప్యాకెట్‌ని తర్వాత పంపాల్సిన రౌటర్ అడ్రస్) కనిపించింది. రెండో లింక్ పోయిందనుకుని టెన్షన్‌లో మార్పంతా వెనక్కి తీసేశాను. తీసేశాక కూడా ఒక్కటే! ఇంటర్‌ఫేసులు రెండూ అప్‌లోనే ఉన్నాయి, ఓఎస్‌పీఎఫ్ నైబర్లు (పక్క రౌటర్లు) ఫుల్ స్టేట్‌లోనే, అంటే సమాచారం పూర్తిగా పంచుకున్న స్థితిలోనే ఉన్నాయి. తప్పు నా ప్యాటర్న్‌దా, రూటింగ్‌దా?

జవాబు 1:
ఆ 172 లైన్‌లో బ్రాకెట్ల మధ్య [110/102] లాంటిది ఉందేమో చూడండి. ఇంక్లూడ్ మీరిచ్చిన ప్యాటర్న్‌ని రెజెక్స్‌గా (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) చదువుతుంది. రెజెక్స్‌లో చుక్క అంటే చుక్క కాదు, ఏదైనా ఒక అక్షరం. 110 ఓఎస్‌పీఎఫ్ అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఆ ప్రోటోకాల్‌ని ఎంత నమ్మాలో చెప్పే అంకె), 102 మెట్రిక్ (దారి మొత్తం కాస్ట్). అందులోని 10/102 మీ 10.1.2 కి అచ్చంగా సరిపోతుంది. మామూలు చుక్కగానే చదవాలంటే దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి:

ఇంక్లూడ్ _10\.1\.2\.[0-9]+/

మొదట్లో అండర్‌స్కోర్ ఖాళీని పట్టుకుంటుంది కాబట్టి 110.1.2 లాంటివి రావు. చివరి స్లాష్ వల్ల ప్రిఫిక్స్ (10.1.2.0/24 లాంటి నెట్‌వర్క్ అడ్రస్) మాత్రమే దొరుకుతుంది. నెక్స్ట్ హాప్ అడ్రస్ తర్వాత కామా ఉంటుంది కదా.

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ, [110/102] అనే ఉంది! కొత్త ప్యాటర్న్‌తో ఆ లైన్ పోయింది. కానీ దారి ఇంకా ఒక్కటే కనిపిస్తోంది.

జవాబు 2:
ఎంత మంచి ప్యాటర్న్ రాసినా రెండో దారి రాదు. ఐఓఎస్ రెండో దారిని విడిగా కింది లైన్‌లో రాస్తుంది. అక్కడ ప్రిఫిక్స్ మళ్లీ రాయదు, [110/20] వయా అని నేరుగా మొదలుపెడుతుంది. ఇంక్లూడ్ ఒక్కో లైన్‌నీ విడిగా చూస్తుంది కాబట్టి ఆ లైన్‌ని వదిలేస్తుంది. మీ లింక్‌కి ఏమీ కాలేదు.

నా మాట వింటే, మార్పు చేసే రాత్రి ఒక రూట్ ఉందో లేదో తేల్చడానికి రెజెక్స్ వాడకండి. దానికి అక్షరాలే తెలుసు, సబ్‌నెట్ మాస్క్ తెలియదు. 10.1.2.0/23 లో 10.1.3.5 ఉందని దానికి ఎలా తెలుస్తుంది? రౌటర్‌నే అడగండి:

షో ఐపీ రూట్ 10.1.2.0 255.255.255.0

దారులన్నీ చూపిస్తుంది. చివర లాంగర్-ప్రిఫిక్సెస్ చేర్చితే ఆ పరిధిలోని చిన్న సబ్‌నెట్లు కూడా వస్తాయి. రెజెక్స్‌ని నేను ^B (^ అంటే లైన్ మొదలు) అని బీజీపీ (నెట్‌వర్క్‌ల మధ్య వాడే రూటింగ్ ప్రోటోకాల్) రూట్లు మాత్రమే చూడాలన్నప్పుడో, బీజీపీలో _65001_ అని ఏఎస్ పాత్ (రూట్ దాటివచ్చిన నెట్‌వర్క్‌ల నంబర్ల జాబితా) వెతకాలన్నప్పుడో వాడతాను. అక్కడ అది నిజంగా బాగా పనికొస్తుంది.

జవాబు 3:
ఇంకొకటి. ఓఎస్‌పీఎఫ్ డిఫాల్ట్ రూట్ (వేరే రూట్ ఏదీ సరిపోనప్పుడు వాడేది) సాధారణంగా O*E2 అని కనిపిస్తుంది. ^O*E2 అని వెతికితే దొరకదు, ఎందుకంటే రెజెక్స్‌లో నక్షత్రం గుర్తుకి వేరే అర్థం ఉంది: ముందున్న అక్షరం ఎన్నిసార్లైనా, అసలు లేకపోయినా సరే అని. ^O\*E2 అని కొట్టాలి. డిఫాల్ట్ రూట్ పోయిందని నేనూ ఒకసారి ఇలాగే హడలిపోయాను.

ప్రశ్న అడిగినవారు:
మాస్క్‌తో అడిగి చూశాను. 192.168.12.2, 192.168.12.6 రెండూ ఉన్నాయి. ఈ రాత్రి కాస్ట్ మార్పు మళ్లీ పెడుతున్నాను.