జర్మన్ గ్రేడు లెక్కలో కనీస పాస్ 4 వేయాలా, 5 వేయాలా?

మెకానికల్_22

నేను జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో మెకానికల్ చదివాను. ఆర్18 (2018 నాటి రెగ్యులేషన్స్) బ్యాచ్, 2022లో పాసయ్యాను. సీజీపీఏ 7.2. రెండేళ్లుగా పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో చేస్తున్నాను. జర్మనీలో మాస్టర్స్‌కి ఐదు కోర్సులు చూసుకున్నాను. అందులో మూడింటికి జర్మన్ గ్రేడు 2.5 లేదా అంతకంటే మెరుగ్గా ఉండాలట. అక్కడ 1 అంటే అన్నిటికన్నా పైది, 4 అంటే బొటాబొటిగా పాస్.

లెక్క తెలియనివాళ్ల కోసం చెప్తాను. దీన్ని మాడిఫైడ్ బవేరియన్ సూత్రం అంటారు. గరిష్ఠ గ్రేడులోంచి మనకొచ్చిన గ్రేడు తీసేయాలి. అదే గరిష్ఠంలోంచి కనీస పాస్ గ్రేడు తీసేయాలి. మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, 3తో గుణించి, 1 కలపాలి.

గొడవంతా ఆ కనీస పాస్ దగ్గరే ఉంది. 4 వేస్తే నాకు 2.4 వస్తోంది. 5 వేస్తే 2.68. కన్సల్టెన్సీ వాళ్లు "4 వేసేయండి, అందరూ అదే వేస్తారు" అంటున్నారు. మా సీనియర్ ఒకాయన 5 వేయకపోతే తప్పు అంటున్నాడు. జర్మన్ యూనివర్సిటీల తరఫున అప్లికేషన్లు పరిశీలించే యూని అసిస్ట్‌లో మొదటి అప్లికేషన్‌కి 75 యూరోలు, తర్వాత ఒక్కోదానికి 30. మన సర్టిఫికెట్లు అసలైనవేనని జర్మనీ కోసం తేల్చే ఏపీఎస్‌కి 18 వేలు ఇప్పటికే కట్టాను. ఇంకోసారి డబ్బు అడగాలంటే ఇంట్లో మొహం చెల్లడం లేదు. ఏది కరెక్టో చెప్పండి.

డ్రెస్డెన్ అన్న

తమ్ముడూ, 5. మీ ఆర్18 రెగ్యులేషన్స్ పుస్తకం తీసి చూడు. 40 నుంచి 49 మార్కులకు సీ గ్రేడు, 5 పాయింట్లు. 40 తగ్గితే ఎఫ్, సున్నా. 4 పాయింట్ల గ్రేడు మీ యూనివర్సిటీలో లేనే లేదు. లేని గ్రేడును కనీస పాస్ అని ఎలా వేస్తావు?

ఇంకో మాట. యూని అసిస్ట్ ద్వారా వెళ్తే లెక్క వేసేది నువ్వు కాదు, వాళ్లు. నువ్వు ఇంట్లో 2.4 అని రాసుకుని అప్లై చేస్తావు, వాళ్లు 2.5 దాటిందని తేలుస్తారు. ఫీజు తిరిగి రాదు.

గుంటూరు_ఈసీఈ

నేను ఒప్పుకోను. 4 అనే అంకెను కన్సల్టెన్సీలు పుట్టించలేదు. యూజీసీ ఇచ్చిన పది పాయింట్ల స్కేల్లో పీ అనే గ్రేడు ఉంది, దానికి 4 పాయింట్లు, అదే కనీస పాస్. దేశమంతటికీ చెప్పిన స్కేలు అది. ఒక యూనివర్సిటీ 4 పెట్టుకుంది, ఇంకోటి 5 పెట్టుకుంది. దానికి విద్యార్థి ఎందుకు నష్టపోవాలి? 7.2 వచ్చిన ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే ఒకరికి 2.4, ఇంకొకరికి 2.68. ఇదేం న్యాయం?

పైగా గరిష్ఠం 10 అంటున్నారు. అనుబంధ కాలేజీల్లో 10 ఎవరికి వచ్చింది? మా బ్రాంచిలో టాపర్‌కే 8.6. అటానమస్ కాలేజీల్లో పేపర్ వాళ్లే ఇచ్చి వాళ్లే దిద్దుకుంటారు, 9 దాటినవాళ్లు వరసగా ఉంటారు. ఇద్దరికీ గరిష్ఠం 10 అని వేసినప్పుడే మనకు అన్యాయం జరిగిపోయింది. కనీసం కింద 4 వేసుకుంటే కొంత సరిపోతుంది.

లెక్చరర్_వరంగల్

నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠం చెప్తాను. ఏటా కనీసం పదిమంది ఇదే ప్రశ్నతో వస్తారు, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు మన గ్రేడు ఎలా పుడుతుందో చూడండి. ఆర్18లో 60 నుంచి 69 వరకు ఎన్ని మార్కులు వచ్చినా బీ ప్లస్, 7 పాయింట్లు. 61 వచ్చినా 7, 69 వచ్చినా 7. ఆ గుంపు నడిమధ్య 65 మార్కుల దగ్గర ఉంటుంది. ఇప్పుడు మన యూనివర్సిటీ పర్సెంటేజీ సూత్రం గుర్తు చేసుకోండి: సీజీపీఏలోంచి 0.5 తీసి 10తో గుణించాలి. 7లోంచి 0.5 పోతే 6.5, అంటే 65 శాతం. "మా అర మార్కు ఎందుకు కోశారు" అని పిల్లలు బాధపడుతుంటారు. కోత ఏమీ లేదు. గ్రేడు ఇచ్చేటప్పుడు పైకి జరిపినదాన్ని మళ్లీ మధ్యకు తెచ్చారు, అంతే.

ఇప్పుడు ఈ అబ్బాయి లెక్కను శాతాల్లో వేద్దాం. 7.2 అంటే 67 శాతం. గరిష్ఠం 100, కనీస పాస్ 40. బవేరియన్ సూత్రంలో పెడితే 2.65. పాయింట్లలో గరిష్ఠం 10, కనీసం 5 వేస్తే 2.68. రెండు దారుల్లో వెళ్లినా దాదాపు ఒక్కచోటికే వచ్చాం. 4 వేస్తే మాత్రం 2.4. ఎందుకంటే మార్కుల్లోని 40ని తెచ్చి, 40కి 5 పాయింట్లు ఇచ్చే స్కేల్లో 4గా పెడుతున్నాం. అక్కడ రెండు కొలతలు కలిసిపోయాయి.

గుంటూరు తమ్ముడి ఆవేదన నాకు అర్థమైంది. వాల్యుయేషన్ తేడా నిజమే, నేను రోజూ చూస్తున్నాను. కానీ దాన్ని కనీస పాస్ దగ్గర సరిచేయకూడదు. క్లాసులో నీ ర్యాంకు ఎంతో కాలేజీ నుంచి లెటర్ తీసుకో. 60 మందిలో నాలుగో స్థానం అని ప్రిన్సిపాల్ సంతకంతో ఉంటే, నీ సీజీపీఏ ఎలాంటి సీజీపీఏనో చదివేవాళ్లకు తెలుస్తుంది.

కాకినాడ_సివిల్

సార్ చెప్పిన 0.5 హైదరాబాద్ వాళ్లకి. మా జేఎన్‌టీయూ కాకినాడలో మా బ్యాచ్‌కి 0.75 తీసేస్తారు. నాకు 6.7. మా లెక్కలో 59.5 శాతం. అదే 6.7 హైదరాబాద్‌లో వచ్చి ఉంటే 62. చెన్నైలో అన్నా యూనివర్సిటీ అయితే నేరుగా 10తో గుణిస్తారు, 67 అయ్యేది. నేను అప్లై చేసిన బ్రిటన్ కోర్సుకి 60 శాతం కావాలి. అర శాతం తక్కువ వచ్చిందని రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

మా ఫ్రెండ్ 9.5తో గుణించమన్నాడు. అలా చేస్తే 63.65. చేయొచ్చా?

లెక్చరర్_వరంగల్

వద్దు బాబూ. 9.5 అనేది సీబీఎస్ఈ పదో తరగతి గ్రేడుల కోసం పెట్టుకున్న అంకె. బీటెక్‌కి దానితో సంబంధం లేదు. ఫారంలో సీజీపీఏ కాలమ్ ఉంటే 6.7 అని ఉన్నది ఉన్నట్టు రాయండి. శాతమే అడిగితే 59.5 రాసి, మీ యూనివర్సిటీ సూత్రం ఉన్న పేజీ జతచేయండి. అప్లై చేసేముందు అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి. అరశాతం దగ్గర ఆగిపోయినవాళ్లను తీసుకున్న సందర్భాలు మా విద్యార్థుల్లోనే ఉన్నాయి.

డాలస్ అక్క

అమెరికా వైపు నుంచి ఒక మాట. ఇక్కడ పొరపాటు తలకిందులుగా జరుగుతుంది. ఉన్నది పెంచుకోవడం కాదు, మనమే తగ్గించుకుంటాం. నేను అప్లై చేసిన ఏడాది నా 7.1ని 4తో గుణించి 10తో భాగించి, 2.84 అని నా చేత్తో రాశాను. అక్కడ కనీసం 3.0 అడిగారు. ఆ యూనివర్సిటీ నుంచి రిజెక్ట్ వచ్చింది. తర్వాత వేరే చోటుకి డబ్ల్యూఈఎస్ (విదేశీ గ్రేడులను అమెరికా స్కేల్లోకి మార్చి ఇచ్చే సంస్థ) చేత లెక్క వేయిస్తే 3.5 దాటింది. వాళ్లు సబ్జెక్టు సబ్జెక్టుగా చూస్తారు. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ క్లాస్ అని వాళ్లకు తెలుసు, అలాంటి సబ్జెక్టుకు సాధారణంగా "ఏ" (A) గ్రేడు ఇస్తారు. నేను వేసిన గుణకారంలో అదేమీ లేదు.

చాలా ఫారాల్లో "మీ యూనివర్సిటీ స్కేల్లోనే రాయండి, మార్చకండి" అని స్పష్టంగా ఉంటుంది. టెన్షన్‌లో ఆ లైను చదవం. నేను చదవలేదు. దయచేసి మీరు చదవండి.

గుంటూరు_ఈసీఈ

సార్, మీ 65 లెక్క నేనే కాగితం మీద వేసి చూశాను. 5, 6, 7, 8, 9 అన్నిటికీ సరిపోయింది. 10 దగ్గర కూడా 90 నుంచి 100కి నడిమధ్య 95, సరిపోయింది. ఆర్18 వాళ్లకి 5 అనే ఒప్పుకుంటున్నాను.

కానీ నా మాట ఒకటి మిగిలే ఉంది. 4 పాయింట్ల పీ గ్రేడు నిజంగా ఉన్న యూనివర్సిటీల వాళ్లు 4 వేయడం తప్పు కాదు. "అందరూ 5 వేయాలి" అని ఎవరూ కొత్త ప్రచారం మొదలుపెట్టకండి. అలా చేస్తే ఇంకొకరికి అన్యాయం జరుగుతుంది.

డ్రెస్డెన్ అన్న

ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఎవరి రెగ్యులేషన్స్ వాళ్లవి.

మెకానికల్_22, నీకు ఇంకో దారి ఉంది. వీపీడీ (యూని అసిస్ట్ ముందస్తు పరిశీలన పత్రం) అడిగే కోర్సు ఒకటి నీ లిస్టులో ఉంటే ముందు దానికి పెట్టు. యూని అసిస్ట్ వాళ్లు నీ సర్టిఫికెట్లు చూసి, మార్చిన గ్రేడు ఆ కాగితం మీదే వేసి ఇస్తారు. అది చేతికొచ్చాక మిగతావాటి సంగతి చూసుకో. 2.5 గీత లేని కోర్సులు కూడా ఉన్నాయి. కొన్నిచోట్ల గ్రేడుకి కొన్ని పాయింట్లు, చదివిన సబ్జెక్టులకు కొన్ని, ఎందుకు చదవాలనుకుంటున్నావో రాసే ఎస్‌ఓపీకి కొన్ని వేసి కలుపుతారు. నీ రెండేళ్ల ఫ్యాక్టరీ అనుభవాన్ని లెక్కలోకి తీసుకునేవి వెతుకు.

మెకానికల్_22

అందరికీ థాంక్స్ అన్నా, అక్కా, సార్. రెగ్యులేషన్స్ పీడీఎఫ్ ఇప్పుడే తెరిచాను. సీ గ్రేడు 5 అని చాలా స్పష్టంగా ఉంది. నాలుగేళ్లు చదివి ఆ పేజీ ఒక్కసారీ చూడలేదు.

2.5 అడిగే మూడు కోర్సులూ లిస్టులోంచి తీసేశాను. మిగిలిన రెండింటిలో ఒకదానికి వీపీడీ కావాలి, ముందు దానికే 75 యూరోలు కడుతున్నాను. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి 5 వేస్తానని చెప్పాను. "అయితే మా ద్వారా అప్లై చేయకండి" అన్నారు. సరే అన్నాను.

ఒక్క సందేహం. గ్రేడుల పేజీ ప్రింట్ తీసి ట్రాన్స్‌క్రిప్ట్‌తో కలిపి ఇవ్వాలా, విడిగా అప్‌లోడ్ చేయాలా?

డ్రెస్డెన్ అన్న

ట్రాన్స్‌క్రిప్ట్ వెనకే, ఒకే ఫైలుగా. విడిగా పెడితే చూడకుండా దాటేసే అవకాశం ఉంది.