పనిలో గాయపడ్డవాళ్లు తిరిగి చేరడంపై పరిశోధన: బీమా సంస్థ గ్రాంటు తీసుకోవచ్చా?

ప్రశ్న:
పనిచేసే చోట దెబ్బ తగిలి వైకల్య భత్యం మీద ఉన్నవాళ్లు మళ్లీ పనిలో చేరడానికి ఏవి సాయపడతాయి, ఏవి అడ్డుపడతాయి అన్నదాని మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. భత్యం చెల్లించే బీమా సంస్థే గ్రాంటు ఇస్తానంటోంది. వాళ్ల డబ్బుతో చేస్తే ఫలితాలను ఎవరైనా నమ్ముతారా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తీసుకోవచ్చండి. ఈ రంగంలో ఇది కొత్త కాదు. కెనడాలోని క్యూబెక్‌లో 1980 నుంచి ఉన్న ఐఆర్ఎస్ఎస్‌టీ అనే పరిశోధన సంస్థకు ప్రధానంగా నిధులిచ్చేది, పనిలో గాయపడ్డవాళ్లకు పరిహారం చెల్లించే అక్కడి వ్యవస్థే. పైగా ఎవరికి ఎన్ని రోజులు భత్యం అందిందో లెక్క ఉండేది చెల్లించేవాళ్ల దగ్గరే. కాకపోతే ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు మీదేనని, ఎవరేం చెప్పారన్నది సంస్థకు చేరదని ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాట చాలదు.

నన్ను అంతకన్నా కంగారుపెట్టేది వేరే ఉంది. భత్యం ఆగితే పనిలో చేరినట్టే అని లెక్కేయకండి. నేను మాట్లాడిన ఒకాయన ఫైలును బీమా సంస్థ మూసేసింది. నిజానికి ఆయన తొమ్మిది రోజులు పనికి వెళ్లి, నడుం పట్టేసి ఇంటికొచ్చేశారు. రికార్డులో మాత్రం ఆ కేసు ముగిసిపోయింది. అందుకే ఏడాదిపాటు మూడు నెలలకోసారి ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి మాట్లాడే ఖర్చు ప్రపోజల్‌లో పెట్టండి. గ్రాంటు తగ్గిస్తామన్నప్పుడు ముందు దీని మీదే కత్తెర పడుతుంది, ఒప్పుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. బడ్జెట్ చిన్నది. వైద్యం వరకే చూడనా, యజమానులతో కూడా మాట్లాడాలా?

మరొకరి జవాబు:
మాట్లాడాల్సిందే. 1997లో వచ్చిన షెర్‌బ్రూక్ అధ్యయనం చదవండి. నడుంనొప్పితో నాలుగు వారాలకు పైగా పనికి దూరమైనవాళ్ల మీద చేశారు. వైద్యంతో పాటు పనిచేసే చోట కూడా చొరవ తీసుకున్న బృందం, మామూలు వైద్యం అందినవాళ్ల కన్నా దాదాపు 2.4 రెట్లు త్వరగా పాత పనిలో చేరింది. బడ్జెట్ చాలకపోతే మనుషుల సంఖ్య తగ్గించుకోండి కానీ సూపర్‌వైజర్‌ను కలవడం మానకండి.

ఇంకో మాట. ఇంటర్వ్యూకి కూర్చోగానే చాలామంది "ఇవన్నీ చెబితే నా డబ్బు ఆపేస్తారా?" అని అడుగుతారు. ఆపరు అన్న జవాబు సమ్మతి పత్రం మొదటి వాక్యంలోనే కనబడాలి.

ప్రశ్న అడిగినవారు:
నా పత్రంలో అది మూడో పేజీలో ఉందండి. ఇవాళే పైకి తెస్తాను.