‘ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లతో’ జోడీ కలపడం: మన తిరుపతికి పనికొచ్చేదేనా?

అలిపిరి మెట్లు (చర్చ మొదలుపెట్టినవారు)
డేటింగ్ యాప్‌లు రెండు రకాలుగా జోడీలు చూపిస్తున్నాయి. ఒకటి, తీరిగ్గా లెక్కలేసి రోజుకో మనిషిని ‘నీకు బాగా సరిపోతారు’ అని చూపించడం. 2018లో హింజ్ అనే డేటింగ్ యాప్ తెచ్చిన ‘మోస్ట్ కంపాటిబుల్’ ఇలాంటిదే. రెండోది, ఈ నిమిషంలో ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారు, ఎంత దూరంలో ఉన్నారు అని చూసి అప్పటికప్పుడు కలిపేయడం. రెండోదే గొప్ప అని మా ఆఫీసులో ఒకాయన వాదన. నాకైతే మన ఊళ్లో అది దండగ అనిపిస్తుంది. కొండకు రోజూ 60, 70 వేలమంది వస్తారు. యాప్ తెరిస్తే ‘3 కి.మీ. దూరంలో’ అని పచ్చచుక్కతో వరసగా కనబడేది ఎవరు? విష్ణునివాసంలో గది తీసుకుని సాయంత్రం కొండెక్కబోయే యాత్రికులు. హాయ్ అని పెడితే జవాబు రాదు. ఫోన్ కౌంటర్లో డిపాజిట్ చేసి క్యూ కాంప్లెక్సులో కూర్చుని ఉంటారు కాబట్టి. తెల్లారి చూస్తే అదే మనిషి 400 కి.మీ. దూరంలో, గుండు ఫొటోతో. మీరేమంటారు?

రేణిగుంట జంక్షన్
గుండు ఫొటో పెట్టుకునేంత ధైర్యం ఉన్నోడికి నేనైతే కళ్లు మూసుకుని రైట్ స్వైప్ చేస్తా (అంటే ‘నచ్చాడు’ అని కొడతా) అన్నా.

శ్రీసిటీ నైట్ షిఫ్ట్
యాత్రికుల గొడవ సరే, మా సంగతి ఎవరు పట్టించుకుంటారు? రాత్రంతా ఫ్యాక్టరీలో, పగలంతా నిద్ర. పొద్దున పదింటికి యాప్ చూపించిన అమ్మాయికి నేను సాయంత్రం ఆరింటికి మెసేజ్ పెడితే, ఆమె చూసేది రాత్రి పదకొండుకి. అప్పటికి నేను ఫ్యాక్టరీ లైన్ మీద పనిలో ఉంటా. రెండ్రోజులకే మాట చల్లారిపోతుంది. తెల్లవారుజామున మూడింటికి టీ బ్రేక్‌లో ఇంకెవరు మేలుకుని ఉన్నారో చూపించే యాప్ మాకు కావాలి. మాకు కలవాల్సిన మొదటి గుణం అదే.

లెక్కల మేష్టారు
షిఫ్ట్ తమ్ముడి బాధ న్యాయమే. అయినా నా ఓటు ఆగి కలపడానికే. ఎందుకో చెబుతాను.

1962లో గేల్, షాప్లీ అని ఇద్దరు గణితజ్ఞులు జోడీలు కుదిర్చే ఒక పద్ధతి రాశారు. ఒక పక్షం వాళ్లు తమకు అందరికన్నా నచ్చినవారిని అడుగుతారు. అవతలివారు తమను అడిగినవాళ్లలో మెరుగైనవారిని తాత్కాలికంగా పట్టుకుని మిగతావాళ్లను పంపేస్తారు. వెనక్కొచ్చినవాళ్లు తమ లిస్టులో తర్వాతివారిని అడుగుతారు. ఇలా చివరిదాకా పోతే, తమకు పడ్డ జోడీని వదిలి ఒకరితో ఒకరు వెళ్లిపోదామని ఇద్దరూ అనుకునే జంట ఒక్కటీ మిగలదు. 2012లో షాప్లీకి, ఈ దారిలోనే పనిచేసిన ఆల్విన్ రోత్‌కి కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. టిండర్ అనే డేటింగ్ యాప్ వచ్చిందీ ఆ ఏడే. హింజ్ కూడా తన ఫీచర్‌కి ఈ పద్ధతే ఆధారమని చెప్పుకుంది.

అయితే దీనికి అందరి లిస్టులూ ఒకేసారి చేతిలో ఉండాలి. అప్పటికప్పుడు కలిపేటప్పుడు ఆ వీలుండదు. మనిషి వచ్చీ రాగానే తేల్చేయాలి, తర్వాత ఎవరొస్తారో తెలియదు. కంప్యూటర్ శాస్త్రవేత్తలు కార్ప్, వజీరాణీ సోదరులు 1990లో దీన్ని లెక్కగట్టారు. అందరూ ముందే తెలిసి ఉంటే ఎన్ని జంటలు కుదిరేవో, వాటిలో సగటున సుమారు 63 శాతానికి మించి హామీ ఇవ్వగల పద్ధతే లేదు. ఇది జంటల సంఖ్య మాత్రమే. ఆ జంటలు ఎంత బాగున్నాయన్నది వేరే కథ.

బెంగళూరులో జనం దండిగా ఉంటారు, తొందరపడినా నష్టం తక్కువ. మన దగ్గర యాత్రికులను తీసేస్తే మిగిలేది కొద్దిమందే. ఏడింటికి ఉన్నవాళ్లతో కలిపేస్తే, తొమ్మిదింటికి లాగిన్ అయ్యే సరైన మనిషి మిగిలిపోతారు. బ్రిటన్‌లో ఎవరి కిడ్నీ ఎవరికి సరిపోతుందో చూసి కలిపే జోడీలను కూడా ఏడాదికి నాలుగుసార్లే, అందరినీ పోగేసి లెక్కేస్తారు.

చిత్తూరు మామిడి
మేష్టారూ, లిస్టులు సరైనవైతే కదా లెక్క సరిపోయేది! 2017లో సైకాలజిస్టు ఫింకెల్ వాళ్లు ఒక పరిశోధన అచ్చేశారు. స్పీడ్ డేటింగ్‌కి (ఒక్కొక్కరితో కొన్ని నిమిషాలే మాట్లాడే కలయిక) ముందే ఒక్కొక్కరి దగ్గర వందకు పైగా వివరాలు తీసుకుని కంప్యూటర్‌కి ఇచ్చారు. ఎవరు మామూలుగా అందరికీ నచ్చుతారో అది కొంత చెప్పగలిగింది. ఫలానావారికి ఫలానావారే ప్రత్యేకంగా నచ్చుతారా అంటే చేతులెత్తేసింది. 2014లో ఓకేక్యుపిడ్ అనే డేటింగ్ సైట్ అయితే 30 శాతం పొంతన ఉన్నవాళ్లకి 90 శాతం అని అబద్ధం చెప్పి చూశామని తనే ఒప్పుకుంది. వాళ్ల మధ్య మాటలు పెరిగాయట! 36 గుణాలు చూసే పంతులుగారు ఇలా చేస్తే ఊరుకుంటామా? స్కోరే ఉత్తదైనప్పుడు ఆగి సాధించేది ఏముంది? త్వరగా మాట్లాడుకోనివ్వండి, కుదిరితే కుదురుతుంది.

బైరాగిపట్టెడ అక్క
మీ వాదనలన్నీ బాగానే ఉన్నాయి. ‘ఇప్పుడు, ఇక్కడ’ అంటే ఆడపిల్లకి ఏంటో ఎవరూ రాయలేదు. టిండర్ అవతలి ఫోన్‌కి దూరాన్ని మరీ కచ్చితంగా పంపుతోందని, మూడు చోట్ల నుంచి కొలిస్తే మనిషి ఉన్న చోటు దొరికిపోతుందని 2014లో బయటపడింది. తర్వాత సరిచేశారు. పెద్ద సిటీలో ‘1 కి.మీ.’ అంటే వేలమంది. మా దగ్గర ‘నర్సు, 26, 1 కి.మీ.’ అంటే చాలు, ఏ హాస్పిటలో, ఏ సందో, వాళ్ల నాన్న ఎవరో కూడా చెప్పేస్తారు. పక్కన పచ్చచుక్క ఉందంటే డ్యూటీ అయిపోయిందని కూడా తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో ఉన్నవాళ్లని కలుపుకోండి, దూరం మాత్రం చూపించొద్దు.

లెక్కల మేష్టారు
మామిడి గారూ, త్వరగా మాట్లాడుకోవాలన్నది ఒప్పుకుంటాను. కానీ ఎవరితో, రేపు పొద్దున వెళ్లిపోయే యాత్రికుడితోనా? వారంలో ఎక్కువ రాత్రులు ఇక్కడే ఉన్న ఫోన్లనే స్థానికులుగా లెక్కేస్తే సగం చిక్కు తీరుతుంది.

బైరాగిపట్టెడ అక్క
అంటే రాత్రిళ్లు నేనెక్కడ పడుకుంటున్నానో యాప్ రాసుకోవాలన్నమాట. వద్దు సార్.

శ్రీసిటీ నైట్ షిఫ్ట్
నేను నిద్రపోయేది కంపెనీ బస్సులో సార్. మీ లెక్కలో నేను స్థానికుణ్ణా, యాత్రికుణ్ణా?

బైరాగిపట్టెడ అక్క
ఎవరి ఊరు వాళ్లే టైపు చేసుకుంటే పోలా?

అలిపిరి మెట్లు
అలాగైతే మనోళ్లంతా బెంగళూరు అనే కొడతారక్కా.