సీసాల్లో, ట్యూబుల్లో అడుగున మిగిలింది ఎలా తీస్తున్నారు?

నల్లగొండ నుంచి:
అందరికీ నమస్తే. పెద్ద కుటుంబం మాది, నెల సరుకులు నేనే చూసుకుంటాను. పేస్టు, షాంపూ, నూనె ప్యాకెట్, ఏది పారేసినా లోపల ఇంకా ఉందని తెలుస్తూనే ఉంటుంది, డబ్బులు పోసి కొన్నది కదా, మనసొప్పదు. అన్నింటికంటే ఆ పంపు ఉన్న లోషన్ సీసాతోనే విసుగు, ఎంత నొక్కినా గాలే వస్తుంది, ఎత్తి చూస్తే బరువుంటుంది. నీళ్లు పోసి వాడుకోవచ్చా?

మిర్యాలగూడ నుంచి:
పంపు గొట్టానికి అడుగున ఉన్నది అందదు అక్కా. పంపు తీసేసి మామూలు మూత బిగించి, రాత్రి గ్లాసులో తలకిందులుగా నిలబెట్టండి, పొద్దున్నకల్లా మూతి దగ్గరికి దిగుతుంది. లోషన్‌లో నీళ్లు మాత్రం పోయొద్దు, చెడిపోకుండా అందులో వేసింది పలచబడి క్రిములు పెరుగుతాయి. షాంపూ అయితే తలస్నానం చేసే ముందు కాసిన్ని నీళ్లు పోసి గిలక్కొట్టి అప్పుడే వాడేయండి. పేస్టు ట్యూబును కత్తెరతో అడ్డంగా కోసి, కోసిన ముక్కనే టోపీలా తొడిగి పెడితే ఎండదు.

మహబూబ్‌నగర్ నుంచి:
నూనె ప్యాకెట్‌ను నిలువునా కోసి చపాతీ పిండి ముద్దతో లోపలంతా అద్దండి. మామిడికాయ తొక్కు జాడీ అడుగుకొస్తే మా ఇంట్లో కడగనివ్వరు, వేడివేడి అన్నం అందులోనే వేసి కలుపుతారు, గోడలకు పట్టిన కారం, నూనె, ఆవపిండి అంతా అన్నానికి పట్టేస్తుంది, ఆ ముద్దల కోసం పిల్లలు కొట్లాడుకుంటారు. నెయ్యి గిన్నెకూ అంతే. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి చలికాలంలో సీసాను కాసేపు ఎండలో పెడితే చాలు. గ్యాస్ అయిపోవస్తోందని సిలిండర్‌ను పడుకోబెట్టడం, వేడి నీళ్లలో పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు, పడుకోబెడితే లోపలి ద్రవమే రెగ్యులేటర్‌లోకి వచ్చి మంట ఒక్కసారి ఎగుస్తుంది. ఎంత ఉందో తెలియాలంటే తడిగుడ్డతో తుడిచి చూడండి, గ్యాస్ ఉన్నంత మేర తడి ఆలస్యంగా ఆరుతుంది.

దేవరకొండ నుంచి:
ఇంటి సామాను గురించి అడిగారు గానీ, మా వైపు పత్తి వేసే ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు కూడా ఉంటాయి, అందుకే రాస్తున్నాను. డబ్బా ఖాళీ అయినా గోడలకు మందు అంటుకునే ఉంటుంది. చేతులకు గ్లౌజులు వేసుకుని, డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి, మూత బిగించి బాగా ఊపి, ఆ నీళ్లను స్ప్రే ట్యాంకులోనే పోయాలి, ఇలా మూడుసార్లు. మందు కలిపే సమయంలోనే చేస్తే అది చేనుకే పోతుంది, డబ్బు వృథా కాదు, బావి పక్కనో కాలువలోనో కడగాల్సిన పనీ ఉండదు. తర్వాత డబ్బాకు అడుగున బొక్క పెట్టేయండి. కడిగాం కదా అని అందులో నీళ్లు, కిరోసిన్, పప్పులు పోసి పెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి, దయచేసి ఆ పని చేయకండి, పిల్లలున్న ఇల్లు.

నల్లగొండ నుంచి:
చాలా థాంక్స్ అందరికీ, లోషన్ సీసా ఇవాళే తిరగేస్తాను. ఇంకొక్కటి, బాత్రూం కడిగే రకరకాల సీసాల్లో అడుగున మిగిలినవన్నీ ఒకే డబ్బాలో పోసుకోవచ్చా?

మిర్యాలగూడ నుంచి:
వద్దక్కా, అస్సలు వద్దు. టాయిలెట్ క్లీనర్లలో చాలావాటిలో యాసిడ్ ఉంటుంది, అది బ్లీచింగ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసుకున్న బాత్రూంలో ప్రాణం మీదికొస్తుంది. దేని సీసాలో దానికే నీళ్లు పోసి ఊపి, అదే కమోడ్‌లో వాడేసి ఫ్లష్ చేయండి, రెండోది ఇంకో రోజు.