భుజం మీదుగా వచ్చే లాంగ్ పాస్ చేతిలో నిలవడం లేదు

టెక్సస్‌లో పదకొండో తరగతి చదువుతున్న మా అబ్బాయి స్కూలు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వైడ్ రిసీవర్ (ముందుకు పరుగెత్తి పాస్‌లు అందుకునే ఆటగాడు). స్లాంట్ పాస్‌లు (ఏటవాలుగా పరుగెత్తి అందుకునే దగ్గరి పాస్‌లు) పదింటిలో తొమ్మిది పట్టే వాడు, 30 గజాలు దాటి పరుగెత్తుతూ భుజం మీదుగా అందుకోవలసిన బంతులను ఆగస్టు నుంచి పదికి ఆరు వదిలేస్తున్నాడు. బంతి అరచేతులకు తగిలి, రెండు చిటికెన వేళ్ల సందులోంచి జారిపోతున్నట్లు వీడియోలో స్పష్టంగా కనిపిస్తోంది. గ్లవ్స్ మార్చాము, కంటి పరీక్ష చేయించాము, మూడు వారాల పాటు రోజూ మెషిన్‌తో 50 బంతులు వేయించాము. నిలబడి ఉంటే ఒక్కటీ జారదు. పరుగు తగ్గకుండా చేతులను సరైన క్షణంలో చాచడం అలవాటు చేసే డ్రిల్ ఏది?